బ్యాటరీలో నీళ్ళు

పనిచెయ్యని గడియారం ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు నమ్మేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆ నమ్మకాన్ని మాత్రం నేను భద్రంగా దాచుకున్నాను. పైగా పెంచి పోషించాను. గడియారంతో ఆగలేదు నేను. తిరగని మిక్సీ, వేడెక్కని ఇస్త్రీపెట్టె, చార్జింగ్ ఎక్కని ఫోను, ఏది కంటపడినా చిరాకు పుట్టుకొచ్చేది. "ముందు దీన్ని ఇంట్లోంచి పంపించెయ్యండి," అని మా ఆయన మీద విసుక్కునేదాన్ని. ఆయన పేపరు మడిచి, "ఎక్కడికి పంపను?" అనేవారు. ఎక్కడికో నాకు తెలుసు. మా వంటింట్లో గిన్నెలు తోముతున్న మనిషి ఇంటికి.

ఆవిడ పదకొండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తోంది. సొంతూరు పాలమూరు వైపు. పంజాగుట్ట ఫ్లైఓవర్ అవతల, మురుగునీటి నాలా పక్కన ఉన్న బస్తీలో ఒక్క గది ఇల్లు. భర్త సెంట్రింగ్ పనికి వెళ్తాడు. పొద్దున్న ఆరున్నరకల్లా శ్రీనగర్ కాలనీలో మా ఇంటికి, ఆ తర్వాత మరో మూడిళ్ళకి. నాలుగిళ్ళ గిన్నెలూ గచ్చులూ బట్టలూ ఆ రెండు చేతుల మీదే నడిచేవి. ఆ చేతుల్లో ఒకదాన్ని నేను పాడు చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఉంటే ఇంకా సిగ్గుగా ఉంది.

"ఇదిగోమ్మా, తీసుకెళ్ళు. కాస్త బాగు చేయిస్తే పనికొస్తుంది," అని ఇచ్చేదాన్ని. బాగు చేయించడానికి నాకు ఓపిక లేదు గానీ ఆవిడకి ఉంటుందని నా నమ్మకం. ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు. "ఇయ్యుండ్రి అమ్మా," అని చేతులు కొంగుకు తుడుచుకుని అందుకునేది. ఒక్కసారి మాత్రం, ఇస్త్రీపెట్టె ఇస్తుంటే, "ఇయ్యాల శనివారం గదమ్మా. ఇనుము తీస్కపోవద్దంటరు. రేపు తీస్కపోత," అంది. నేను పకపకా నవ్వాను. "ఇంకా ఇవన్నీ నమ్ముతున్నావా?" అన్నాను. ఆగిన గడియారానికి దడిసే నేను, శనివారానికి దడిసే మనిషిని చూసి నవ్వాను. ఎంత బాగా చదువుకున్నానో చూడండి.

ఇంకో సంగతి కూడా ఉంది. నేనిచ్చిన మిక్సీ ఎలా ఉందని ఒకరోజు ఊరికే అడిగాను. "పాత సామాన్లాయనకు ఇచ్చినమ్మా. మోటారు పోయిందన్నడు," అంది. దానికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "వాడుకుంటావని ఇస్తే అమ్ముకుంటావా? ఇంకెప్పుడూ నీకేం ఇవ్వకూడదు," అన్నాను. ఆవిడ తలొంచుకుని, "తప్పయింది అమ్మా," అంది. చచ్చిన మిక్సీకి ఆవిడ చేత క్షమాపణ చెప్పించుకున్నాను. ఆ సాయంత్రానికల్లా నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక నా ఉద్యోగం. అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, మూడో అంతస్తులో నాకో చిన్న కంప్యూటర్ ల్యాబ్ ఉండేది. టైపింగు, ఆఫీసు పనులు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్పేదాన్ని. మెట్ల నిండా చెప్పులు, గోడల నిండా కోర్సుల పోస్టర్లు, కింద మిర్చి బజ్జీల బండి. బాగానే నడిచింది చాలా కాలం. ఆ ల్యాబ్ మూలంగానే మా అపార్ట్‌మెంట్లో నన్ను "కంప్యూటర్ మేడమ్" అంటారు. ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. నాకూ అది ఇష్టమే.

ఒక ఏడాది నాకు ఉత్సాహం పుట్టి, మా అపార్ట్‌మెంట్లో పాత ఎలక్ట్రానిక్ సామాన్లన్నీ ఒకచోట పోగుచేసి, వాటిని పద్ధతిగా విడగొట్టే కంపెనీవాళ్ళకి అప్పగించే కార్యక్రమం పెట్టాను. ఒక ఆదివారం పొద్దున సెల్లార్‌లో షామియానా, మైకు. మైకులో నేనే మాట్లాడాను. "వీటిలో సీసం ఉంటుంది, యాసిడ్ ఉంటుంది. చెత్తబండిలో వెయ్యకండి, తెలియని వాళ్ళ చేతుల్లో పెట్టకండి," అన్నాను. అవే మాటలు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అలాగ. రెండో అంతస్తులో ఉండే చర్మవ్యాధుల డాక్టరుగారు తన క్లినిక్‌లోని పాత ప్రింటరు స్వయంగా మోసుకొచ్చి, "మీలాంటివాళ్ళు కాలనీకొకరుంటే చాలండీ," అన్నారు. ఆ మాట నేను మా ఆయనకి ఆ వారంలో నాలుగుసార్లు చెప్పాను.

తర్వాత పిల్లలు ఫోనులోనే పాఠాలు నేర్చుకోవడం మొదలయ్యాక, నా ల్యాబ్ ఖాళీ అయింది. మూసేద్దామనుకున్నాను. నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. ఆ కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే, సామాన్ల జాబితా రాసి పంపమన్నారు, వ్యాను రావడానికి పది రోజులు పడుతుందన్నారు. నాకున్నది నాలుగు రోజులు. ఆ పది రోజులూ సామాను మా ఫ్లాటులో పెట్టుకోవచ్చు. హాల్లో ఓ పక్కన పెట్టుకోవచ్చు. కానీ మా హాల్లో చచ్చిన కంప్యూటర్లా? నా వల్ల కాదు. పనిచేసేవి తెలిసినవాళ్ళకి ఇచ్చేశాను. పనిచెయ్యని రెండు మానిటర్లూ, కీబోర్డుల కట్టా, ఇన్వర్టరూ దాని పెద్ద బ్యాటరీతో సహా, మా పనావిడని తీసుకెళ్ళమన్నాను.

ఆవిడ తమ్ముడు ట్రాలీ ఆటో తెచ్చాడు. ఇద్దరూ కలిసి బ్యాటరీని మూడంతస్తులు దించలేక దించారు. నేను వెనకే మెట్లు దిగుతూ జాగ్రత్తలు చెప్తున్నాను. "కొత్త బ్యాటరీ వేయిస్తే కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతుంది. అప్పటిదాకా దీన్ని నిలబెట్టే ఉంచు. పడుకోబెడితే నీళ్ళు కారతాయి," అన్నాను.

నీళ్ళు. సరిగ్గా అదే మాట అన్నాను. ఇన్వర్టరున్న ప్రతి ఇంట్లో అనే మాటే అది. బ్యాటరీలో నీళ్ళు చూశావా, నీళ్ళు తగ్గాయి, నీళ్ళు పోయించాలి. పోసేవి నిజంగా నీళ్ళే, కానీ లోపల ఉన్నది నీళ్ళు కాదు. అది నాకు తెలుసు. మైకు పట్టుకుంటే యాసిడ్ అన్నాను. మెట్ల మీద నీళ్ళు అన్నాను. బ్యాటరీ మీద ఓ వైపు, చెయ్యి మీద చుక్కలు పడుతున్నట్టు బొమ్మ కూడా ఉంది, సగం చిరిగిపోయి. దాన్ని ఆవిడకి చూపించాలని తోచలేదు.

నాలుగు నెలల తర్వాత వానలు. ఒక రాత్రంతా కురిసి పంజాగుట్ట సెంటర్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడు ఫోన్ చేసింది. "అమ్మా, చెయ్యి మీద నీళ్ళు పడ్డయి. మస్తు మంట ఉంది. రెండు రోజులు రాలేనమ్మా."

నేను స్నానానికి కాచిన నీళ్ళనుకున్నాను. "చూసుకోవద్దా? రేపు మా ఆడపడుచు వాళ్ళొస్తున్నారు, నేనొక్కదాన్నీ ఏం చెయ్యను?" అన్నాను. ఎలా ఉందని అడగలేదు. మూడోరోజు వచ్చింది, కుడిచేతికి పాత చీర ముక్క చుట్టుకుని, ఎడమచేత్తో గిన్నెలు తోముతూ. ఆడపడుచు చూసి, "అదేంటి వదినా, ఆ చెయ్యి చూడు," అనేదాకా నేను గుడ్డ విప్పి చూడలేదు. అరచేతి తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది. వేళ్ళ సందుల్లో నల్లబడింది. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి పంజాగుట్టలో మా రెండో అంతస్తు డాక్టరుగారి క్లినిక్‌కి తీసుకెళ్ళాను. తెలిసిన మనిషి, త్వరగా చూస్తారని.

బయట కుర్చీల్లో కూర్చున్నాం. ఊరికే ఉండలేక, "గిన్నె జారిందా ఏంటి, నీళ్ళు దించేటప్పుడు?" అని అడిగాను.

"కాదమ్మా. బ్యాటరీ నీళ్ళు."

"ఏ బ్యాటరీ?"

"మీ బ్యాటరీనే. ఆ దినం నాలా పొంగి ఇంట్లకు నీళ్ళొచ్చినయి గదా. మీ బ్యాటరీ తడుస్తదని నేనూ మా ఇంటాయన లేపి, మంచం మీద నిలవకుంటే పండవెట్టినం. తెల్లారి చూస్తే కింద కారినయి. నీళ్ళే గదా అని గుడ్డతోని ఒత్తి పిండిన. అప్పటి సంది మంట."

నాలుగు నెలలు తన ఇంట్లో ఉన్నా అది నా బ్యాటరీనే. తడవకూడదని మంచం ఎక్కించింది. ఆ గుడ్డని చేత్తో పిండింది. ఏదో అనబోయాను. అంతలో లోపలికి పిలిచారు.

డాక్టరుగారు నన్ను చూసి నవ్వి, "ఏంటి మేడమ్, మళ్ళీ సామాన్లు ఎప్పుడు పోగుచేస్తున్నారు?" అని అడిగారు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, "ఏం పడిందమ్మా?" అన్నారు.

"నీళ్ళు సార్."

"వేడి నీళ్ళా?"

ఆవిడ నా వైపు చూసింది. పెద్దవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే ఎప్పుడూ నా వైపే చూస్తుంది. ఆధార్ సెంటర్లోనూ అంతే, గ్యాసు ఆఫీసులోనూ అంతే.

"అవునండీ. వేడి నీళ్ళే," అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఆలోచించుకునే టైము లేదని, కంగారులో వచ్చేసిందని మా ఆయనతో చెప్పాను గానీ అది అబద్ధం. యాసిడ్ అంటే ఎక్కడిదని అడుగుతారు. ఎక్కడిదంటే నాది. మైకులో మాట్లాడిన మనిషి ఆయన ముందు చిన్నదైపోతుంది. పక్కన కుర్చీలో ఆ చెయ్యి అలా ఉంటే, నేను నా మొహం కాపాడుకున్నాను. డాక్టరుగారు కాలిన గాయానికి రాసే మందు రాసిచ్చారు. తడి తగలకూడదన్నారు.

నాలుగు రోజులు గడిచాయి. ఆవిణ్ణి పనికి రావద్దన్నాను. పండ్లు పంపించాను. తప్పు చేసినవాళ్ళు పండ్లు బాగా పంపిస్తారు. లోపల మాత్రం ఒకటే కొట్టుకుంటోంది. ఎవరైనా బ్యాటరీ అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. ఐదో రోజు ఆవిడే ఫోన్ చేసింది. "మందు రాస్తున్న గానీ తక్కువైతలేదమ్మా. రెండు వేళ్ళు ముడవొస్తలేవు." అప్పుడు బయల్దేరాను. పదకొండేళ్ళలో ఆవిడ ఇంటికి వెళ్ళడం అదే మొదలు.

గదిలోకి అడుగుపెట్టగానే ముక్కు మండే వాసన. బ్యాటరీ ఇంకా మంచం మీదే పడుకుని ఉంది. దాని కింద గోనెపట్టా. మంచం కింద సిమెంటు నేల తెల్లగా పొక్కిపోయి గరుకుగా అయింది. ఓ మూల తడిగుడ్డ, దాన్నిండా జల్లెడలా చిల్లులు. "ఇంకా జర జర కారుతున్నది. దినాం తుడుస్తున్న," అంది. కట్టు కట్టిన చేత్తోనే తుడుస్తోంది. అంటే మందు రాసుకున్న చేతికి పూటపూటా మళ్ళీ అదే తగులుతోంది. ఆరోజు నేను నిజం చెప్పి ఉంటే, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అది ఇంకా ఇంట్లో ఉందా అనే. నా ఒక్క అబద్ధం ఆ చేతికి ఐదు రోజుల యాసిడ్ అయింది.

ఇంకో గోడ వైపు చూశాను. నా సామాన్లన్నీ ఉన్నాయి అక్కడ. గడియారం, ఇస్త్రీపెట్టె, రెండు మానిటర్లు, డబ్బా టీవీ, ఫోన్లు వేసిన ప్లాస్టిక్ డబ్బా. అన్నీ వరసగా పేర్చి, పైన సగం దాకా దుప్పటి కప్పి, పాతవాటికి నిరుటి దసరాకి పెట్టిన పసుపు బొట్లతో సహా. మనుషులు పడుకోవాల్సిన గదిలో పావు వంతు నా చెత్తే ఉంది.

"ఇవన్నీ ఎందుకు ఉంచావమ్మా?" అన్నాను.

"అమ్మద్దంటిరి గదా. మీరు ఎప్పుడన్న అడిగితే చూపియ్యాలె గదమ్మా."

మిక్సీ అమ్మినందుకు నేనన్న మాట అది. తర్వాత, "ఆరోజు డాక్టరు వేడి నీళ్ళా అంటే నేను అవునన్నాను. నువ్వు కాదని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. అడగడానికి కూడా సిగ్గులేదు చూడండి.

"మీరన్నరంటే గదే అయివుంటది అనుకున్న. బ్యాటరీ నీళ్ళను డాక్టర్లు గట్లంటరేమో అనుకున్న," అంది.

అప్పుడు చెప్పాను. "అవి నీళ్ళు కాదమ్మా. యాసిడ్." ఆవిడ ఆ మాట విని చెయ్యి వెనక్కి లాక్కుంది. యాసిడ్ అంటే ఆవిడకి తెలుసు. బాత్రూములు కడిగే మనిషికి తెలియకేం? సీసా మీద ఏం రాసున్నా వాసనతో గుర్తుపడుతుంది, కర్రకి గుడ్డ చుట్టి దూరం నుంచి కడుగుతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యి కాల్చుకోలేదు. ఆ ఒక్క మాట మెట్ల మీదే చెప్పి ఉంటే ఆవిడ నాకంటే జాగ్రత్తగా ఉండేది.

గది తాళం వేయించి, మొగుడూపెళ్ళాల్ని తమ్ముడింటికి వెళ్ళమని, ఆవిణ్ణి మళ్ళీ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలిన చేతులు నావి కూడా కావు. లోపలికి వెళ్ళగానే, "అది బ్యాటరీ యాసిడ్ అండీ," అన్నాను. డాక్టరుగారికి కోపం వచ్చింది. కోపం వచ్చింది ఎవరి మీద? ఆవిడ మీద. "మొదటిసారే చెప్పాలా వద్దా అమ్మా? అలాంటి సామాన్లు ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు మీరు? చేత్తో ముట్టుకుంటారా ఎవరైనా?" అని గట్టిగా అడిగారు.

"నాకు తెల్వదు సార్. అమ్మకు సుత తెల్వదు," అంది ఆవిడ.

నన్ను వెనకేసుకొస్తోంది. ఆ మాట చాటున నేను హాయిగా ఉండిపోవచ్చు. ఒక్క క్షణం ఉండిపోదామని కూడా అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది.

"నాకు తెలుసండీ," అన్నాను. "ఆరోజు ఈ గది బయటే చెప్పింది నాతో. మీతో అబద్ధం చెప్పింది నేను. బ్యాటరీ ఇచ్చింది కూడా నేనే."

డాక్టరుగారు రాయడం ఆపి, "మీరా?" అన్నారు. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, ఆవిడతోనే మాట్లాడారు. పెద్దాసుపత్రికి చీటీ రాశారు. చాలా రోజులు తిరిగాం. చెయ్యాల్సినవి చేశాం, అది చెప్పుకునే విషయం కాదు. గాయం మానింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. బట్ట పిండలేదు, చెంబు పట్టుకుంటే జారిపోతుంది. మిగిలిన మూడిళ్ళవాళ్ళు వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. వాళ్ళనేమనగలను? వాళ్ళకి గిన్నెలు తోమే మనిషి కావాలి.

ఆ సామాన్లు తీసుకెళ్ళడానికి కంపెనీ వ్యాను వచ్చింది, క్లినిక్ నుంచి నేను ఫోన్ చేసిన మూడో రోజునే. అవును, మూడు రోజుల్లోనే. మనిషి చెయ్యి కాలిందని చెప్తే వచ్చారు. సందులోకి వ్యాను పట్టదు గనక మెయిన్ రోడ్డు మీద ఆపి, ఇద్దరు నడిచి వచ్చారు. బస్తీవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. నేనూ ఆవిడా అరుగు మీద నిలబడ్డాం. ఆవిడ కట్టు ఉన్న చేతిని గుండెకి ఆనించి పట్టుకుంది.

వాళ్ళు గదిలోకి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఆగారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్నారు. మోచేతుల దాకా లావుపాటి రబ్బరు తొడుగులు వేసుకున్నారు. కళ్ళకి అద్దాలు, ముక్కుకి గుడ్డ. ఒకతను ముందు నేల మీద తెల్లపొడి ఏదో చల్లాడు. అప్పుడు ఇద్దరూ కలిసి, ఒకరికొకరు మాట చెప్పుకుంటూ, పసిపిల్లని ఎత్తినంత మెల్లగా బ్యాటరీని ఎత్తి ప్లాస్టిక్ తొట్టెలో నిలబెట్టారు.

ఆవిడ కన్నార్పకుండా చూస్తోంది. వాళ్ళు మమ్మల్ని పక్కకి జరగమని చెప్పి, తొట్టెతో సందులోకి దిగారు.

"గంత పైలంగ పట్టుకునేదా అమ్మా అది?" అని అడిగింది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"అవునమ్మా," అన్నాను.

మిగిలిన సామాన్ల కోసం వాళ్ళు తిరిగి వస్తుంటే, ఆవిడ దారికి అడ్డంగా ఉన్న తన చెప్పుల్ని ఎడమచేత్తో తీసి పక్కన పెట్టింది.